103.5లో హైదరాబాద్ గొంతు: వరంగల్ రేడియో కేంద్రం ఎంతవరకు స్థానికం?

హన్మకొండలో రేడియోను 103.5 మీద, అంటే ఆకాశవాణి వరంగల్ ఎఫ్ఎం కేంద్రం మీద పెడితే ఒకసారి వరంగల్ అనౌన్సర్ పలుకుతారు. కాసేపటికి హైదరాబాద్ కార్యక్రమం వస్తుంది, ఆ తర్వాత ఢిల్లీ వార్తలు. "మన స్టేషన్ ఎత్తేసిండ్రా?" అన్న అనుమానం శ్రోతల్లో మళ్లీ మళ్లీ తలెత్తడానికి ఈ కలగలుపే కారణం. స్టేషన్ నడుస్తూనే ఉందని అధికారులు అంటే అది నిజమే. తమ రేడియో తమకు దూరమైందని శ్రోతలు అంటే అదీ నిజమే కావచ్చు. "స్టేషన్" అనే ఒకే మాటతో రెండు వర్గాలూ రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. చిక్కు అక్కడే ఉంది.

స్టూడియో, ట్రాన్స్‌మిటర్, ఫ్రీక్వెన్సీ: మూడూ ఒకటి కావు

స్టూడియో అంటే మాట, పాట తయారయ్యే గది. మైకులు, మిక్సింగ్ కన్సోల్, రికార్డింగ్ యంత్రాలు, వాటి ముందు కూర్చునే మనుషులు అందులో ఉంటారు. ట్రాన్స్‌మిటర్ ఆ శబ్దాన్ని రేడియో తరంగంగా మార్చి టవర్ మీది యాంటెన్నాకు పంపే యంత్రం. తన దగ్గరికి వచ్చిన శబ్దం పక్క గదిదా, ఢిల్లీదా అన్నది దానికి తెలియదు. ఫ్రీక్వెన్సీ ఆ తరంగానికి కేటాయించిన చిరునామా. 103.5 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 10 కోట్ల 35 లక్షల కంపనాలు.

ఒక ఊరికి ఈ మూడూ ఉంటే అది పూర్తి స్థాయి కేంద్రం. ట్రాన్స్‌మిటర్, ఫ్రీక్వెన్సీ మాత్రమే ఉండి, పై నుంచి వచ్చిన ప్రసారాన్ని యథాతథంగా వదిలితే అది రిలే కేంద్రం. 2023 ఏప్రిల్ 28న దేశవ్యాప్తంగా ఒకేసారి ప్రారంభించిన 91 ట్రాన్స్‌మిటర్లు ఈ కోవలోవే. ఒక్కొక్కటి 100 వాట్లది. వాటి వల్ల రేడియో వినిపించే ఊళ్లు పెరిగాయి, రేడియోలో మాట్లాడే ఊళ్లు పెరగలేదు. వరంగల్‌కు మూడూ ఉన్నాయి. అయితే మూడూ ఉన్న కేంద్రం కూడా రోజులో కొన్ని గంటలు రిలే కేంద్రంలాగే పనిచేస్తుంది. ఆ గంటలు ఎన్ని అన్నదాని మీదే వాదమంతా.

దక్కన్ రేడియో నుంచి జిల్లా కేంద్రం దాకా

హైదరాబాద్ రాజ్యంలో రేడియో ఒక ప్రైవేటు ప్రయత్నంగా మొదలైంది. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది. దక్కన్ రేడియోగా పేరుపొందిన ఆ ప్రసారాల్లో ఉర్దూదే పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడాలకు దక్కింది కొద్ది సమయమే. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. అప్పటికే 1948 డిసెంబర్ 1 నుంచి విజయవాడ కేంద్రం నడుస్తోంది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఓరుగల్లు శ్రోతకు తెలుగు రేడియో అంటే ప్రధానంగా ఈ రెండు ఊళ్లే, రెండూ మీడియం వేవ్ మీదే.

మీడియం వేవ్ చాలా దూరం పోతుంది. హైదరాబాద్ 'ఎ' కేంద్రం వాడే 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 406 మీటర్ల పైచిలుకు. ఇది నేలను అంటుకుని పాకుతూ గుట్టలను కూడా దాటుతుంది. రాత్రి పూట అయనోవరణం (ఆకాశంలో చాలా ఎత్తున ఉండే విద్యుదావేశ పొర) నుంచి పరావర్తనం చెంది వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. అందుకే పాత సెట్లలో పొద్దుగూకాక వేరే రాష్ట్రాల స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడి గోల చేసేవి. ఒక రాష్ట్రం మొత్తానికి ఒకే కార్యక్రమం చేర్చడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. ఒక జిల్లా వాళ్లు వాళ్ల సంగతులు వాళ్లు మాట్లాడుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు. ప్రతి జిల్లాకూ అలాంటి ట్రాన్స్‌మిటర్ పెడితే ఒకదానితో ఒకటి ఢీకొంటాయి.

జాతీయ, ప్రాంతీయ స్థాయుల కింద మూడో అంచెగా స్థానిక రేడియో కేంద్రం అనే ఆలోచన వచ్చింది ఈ ఇబ్బంది నుంచే. మొదటిది 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో మొదలైంది. మన వైపు 1986లో ఆదిలాబాద్, 1989లో కొత్తగూడెం, 1990లో వరంగల్, అదే ఏడు నిజామాబాద్ వచ్చాయి. ఉత్తర తెలంగాణలో నాలుగేళ్లలో నాలుగు కేంద్రాలు. బొగ్గు గనులు, గోండు గూడేలు, మిర్చి, పత్తి చేలు, పసుపు మార్కెట్టు: ఒక్కో కేంద్రం చుట్టూ ఒక్కో లోకం. హైదరాబాద్ స్టూడియోలో కూర్చుని ఈ నాలుగింటితోనూ ఒకే యాసలో, ఒకే పంట గురించి మాట్లాడలేమన్న గుర్తింపు ఆ నిర్ణయంలో ఉంది. స్థానిక కేంద్రాన్ని పెద్ద కేంద్రానికి చిన్న శాఖ అనుకుంటే ఈ అసలు ఉద్దేశం మరుగున పడుతుంది.

వరంగల్ కేంద్రానికి మొదట్లో ఒక ఆటంకం ఉండేది. మన దేశంలో ఎఫ్ఎం 1977లో మద్రాసులో మొదలైనా, 1990 నాటికి జిల్లాల్లో ఇళ్లల్లో ఉన్న సెట్లు ఎక్కువగా మీడియం వేవ్, షార్ట్ వేవ్ పట్టేవే. కేంద్రం ఊళ్లోనే ఉంది, వినడానికి సెట్టు లేదు. చవకైన ఎఫ్ఎం సెట్లు, ఆ తర్వాత ఎఫ్ఎం ఉన్న బటన్ ఫోన్లు చేతికొచ్చాకే శ్రోతలు నిజంగా పెరిగారు.

ములుగులో తడబడి, మేడారంలో మాయమయ్యే సిగ్నల్

103.5 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 2.9 మీటర్లు. ఇంత పొట్టి తరంగం నేలను పాకదు, చూపు లాగా దాదాపు తిన్నగా పోతుంది. భూమి వంపు అడ్డొచ్చిన చోట పలచబడిపోతుంది. ఎంత దూరమో ఉజ్జాయింపుగా లెక్కేయడానికి ఇంజనీర్లు వాడే సూత్రం చిన్నదే: టవర్ ఎత్తు వర్గమూలాన్ని, రేడియో సెట్టు ఎత్తు వర్గమూలాన్ని కలిపి 4.12తో గుణించాలి. ఎత్తులు మీటర్లలో, జవాబు కిలోమీటర్లలో.

లెక్క కోసం యాంటెన్నా ఎత్తు 100 మీటర్లు అనుకుందాం. దాని వర్గమూలం 10. చేతిలో ఉన్న సెట్టు ఎత్తు 2 మీటర్లు, వర్గమూలం 1.41. మొత్తం 11.41ని 4.12తో గుణిస్తే 47 కిలోమీటర్లు. అదే సెట్టుకు డాబా మీద 10 మీటర్ల ఎత్తున యాంటెన్నా కడితే 54 కిలోమీటర్లు.

ఇప్పుడు హన్మకొండ నుంచి తిన్నగా గీత గీసి చూడండి. పరకాల సుమారు 27 కిలోమీటర్లు, నర్సంపేట 37: ఇబ్బంది లేదు. ములుగు 45 దాకా, అంటే సరిగ్గా అంచున. జనగామ 53: చేతి సెట్టుకు కష్టం, డాబా యాంటెన్నాకు ఆశ. భూపాలపల్లి 57, మహబూబాబాద్ 64. మేడారం సుమారు 80, మధ్యలో అడవి, గుట్టలు. జాతరకు బయలుదేరిన బండిలో 103.5 ములుగు దాటాక గరగరలాడి పోవడంలో స్టేషన్ వాళ్ల తప్పేమీ లేదు, భూమి గుండ్రంగా ఉండటమే కారణం. గాలిలో తరంగం మామూలుగా వంగే వంపు 4.12లోనే కలిసి ఉంది, అది ఎక్కువైన రోజుల్లో ఈ గీత దాటి కూడా వినపడొచ్చు. గుట్ట చాటున ఉంటే గీత లోపలే వినపడకపోవచ్చు.

"పవర్ పెంచితే సరిపోదా?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. ట్రాన్స్‌మిటర్ శక్తిని నాలుగు రెట్లు చేస్తే ఒకే చోట సిగ్నల్ బలం రెండింతలే అవుతుంది. ఊళ్లో గోడల లోపల, బస్సులో బాగా వినిపించడానికి ఆ పెంపు ఉపయోగమే. భూమి వంపును మాత్రం అది జరపలేదు. దూరం కావాలంటే టవర్ ఎత్తు పెరగాలి, లేదా ములుగు అవతల మరో చిన్న ట్రాన్స్‌మిటర్ రావాలి.

అంచున ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. స్టీరియో ప్రసారాన్ని శుభ్రంగా వినాలంటే మోనోతో పోలిస్తే దాదాపు 20 డెసిబెల్స్, అంటే వంద రెట్ల శక్తిగల సిగ్నల్ కావాలి. నర్సంపేట అవతల బుసబుస శబ్దం వస్తుంటే సెట్టును మోనోకు మార్చినప్పుడు అది ఒక్కసారిగా తగ్గేది ఇందుకే. మాటల కార్యక్రమానికి మోనోతో పోయేదేమీ లేదు.

అరగంట స్థానిక కార్యక్రమం వెనక ఎంత పని ఉంటుంది?

మిర్చి తోటలో రైతుతో 12 నిమిషాల ముఖాముఖి కావాలంటే సాధారణంగా 30, 40 నిమిషాలు రికార్డు చేయాల్సి వస్తుంది. మోటారు దగ్గర నిలబడితే దాని హోరు మాటలోకి ఎక్కుతుంది. మైకుకు నురగ తొడుగు లేకపోతే గాలి దెబ్బలు పడతాయి. రైతు మొదటి ఐదు నిమిషాలు పుస్తక భాష మాట్లాడి, ఆ తర్వాత గానీ తన సొంత మాటలోకి రాడు. చాలాసార్లు పనికొచ్చేది ఆ తర్వాతి భాగమే.

టేపుల కాలంలో కోత మరీ కష్టం. పావు అంగుళం వెడల్పు టేపు సెకనుకు 7.5 అంగుళాల వేగంతో, అంటే 19 సెంటీమీటర్లు, కదిలేది. 1,200 అడుగుల రీలులో 32 నిమిషాలు పట్టేది. మధ్యలో ఒక అర సెకను దగ్గు తీసేయాలంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల టేపును బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలను అతుకు పట్టీతో కలపాలి. నిటారుగా కోస్తే అతుకు దగ్గర 'టప్' మని వినపడేది. ఇప్పుడు కంప్యూటర్ మీద అదే పని క్షణాల్లో అవుతుంది. కానీ రైతు దగ్గరికి పోవడం, శాస్త్రవేత్త చేత తోటలో మాట్లాడించడం, కూలీ వాడిన మాట అర్థం చేసుకోవడం ఏమాత్రం తగ్గలేదు.

అలా తయారైన కార్యక్రమం ఫిక్స్‌డ్ పాయింట్ చార్టులో ఒక గడిలో కూర్చుంటుంది. ఏ వారం, ఏ గంటకు ఏ రకం కార్యక్రమం అని ముందే వేసిన పట్టిక అది. దాన్నిబట్టి రోజువారీ క్యూ షీట్, అంటే ఏది ఎప్పుడు వేయాలో చెప్పే కాగితం, రాస్తారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న అనౌన్సర్ దాన్ని సెకన్ల లెక్కన నడిపిస్తారు. ఈ అనౌన్సర్లలో చాలామంది పర్మినెంట్ ఉద్యోగులు కారు. క్యాజువల్ అనౌన్సర్లు, ఒక్కొక్కరికి నెలకు ఆరు డ్యూటీలు మించకుండా ఇస్తారు.

ఈ 'ఆరు' ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ప్రసారాలున్న ఒక కేంద్రాన్ని ఊహించండి. నెలకు 90 షిఫ్టులు. అన్నీ క్యాజువల్ అనౌన్సర్లే, షిఫ్టుకు ఒక్కరు చొప్పున చేస్తే 15 మంది కావాలి. స్థానిక ప్రసారం సాయంత్రం ఒక్క షిఫ్టుకే కుదించుకుంటే 30 షిఫ్టులు, ఐదుగురు చాలు. పది గొంతులు ఆగిపోతాయి. ఎవరినీ తీసేసినట్టు ఉత్తర్వు ఉండదు, డ్యూటీ చార్టులో పేర్లు కనబడవు, అంతే.

రిలేతో ఏది మిగులుతుంది, ఏది మిగలదు?

హైదరాబాద్ కార్యక్రమం వరంగల్‌కు ఉపగ్రహం ద్వారా వస్తుంది. అక్కడి నుంచి పైకి 36,000 కిలోమీటర్లు, మళ్లీ కిందికి అంతే. కాంతి వేగంతో వచ్చినా పావు సెకను దాకా పడుతుంది. డిజిటల్ పరికరాల్లో ఇంకొంత ఆలస్యం కలుస్తుంది. వార్తలకు ముందు వచ్చే 'బీప్' తో గడియారం సరిచేసుకునేవాళ్లకు ఆ చిన్న తేడా అందుకే. డిష్ నుంచి రిసీవర్, రిసీవర్ నుంచి కన్సోల్, అక్కడి నుంచి ట్రాన్స్‌మిటర్. కన్సోల్ దగ్గర ఒక్క మీట మారిస్తే స్థానికం పోయి రిలే వస్తుంది.

ఈ మీట మార్చడం వల్ల డబ్బు మిగులుతుందా? ఉదాహరణకు 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్, సామర్థ్యం 65 శాతం అనుకుందాం. అది 7.7 కిలోవాట్ల కరెంటు లాగుతుంది. రోజుకు 17 గంటలు నడిస్తే 131 యూనిట్లు, యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే సుమారు 1,050 రూపాయలు. ఏసీల ఖర్చు అదనం. ఇందులో ఒక్క రూపాయి కూడా రిలే వల్ల తగ్గదు, ఎందుకంటే రిలే సమయంలోనూ ట్రాన్స్‌మిటర్ అంతే లాగుతుంది. మిగిలేది కార్యక్రమ తయారీ ఖర్చు: అనౌన్సర్ల ఫీజు, కళాకారుల పారితోషికం, బయటి రికార్డింగుకు బండి. కాబట్టి పొదుపు జరిగేదల్లా మనుషుల మీద, స్థానికంగా వచ్చే మాట మీద.

ఒకే రాష్ట్రం, ఒకే ప్రధాన ఛానల్: రెండు వైపుల వాదన

రాష్ట్రానికి ఒక ప్రధాన ఛానల్‌ను బలోపేతం చేసి, జిల్లా కేంద్రాలు ఎక్కువ సమయం దాన్నే అందించాలన్న ఆలోచన కొన్నేళ్లుగా నలుగుతోంది. 2021లో పలు రాష్ట్రాల్లో ఆందోళన రేగినప్పుడు ఏ కేంద్రం స్థాయినీ తగ్గించడం లేదని ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి వివరణ ఇచ్చింది.

సమర్థించేవాళ్ల వాదనలో బలముంది. ఏళ్లుగా నియామకాలు లేక కేంద్రాల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఇద్దరు ముగ్గురితో రోజంతా స్థానిక ప్రసారం నడిపితే సగం సమయం సినిమా పాటలే పోతాయి, పాత రికార్డింగులే తిరుగుతాయి. నాలుగు కేంద్రాలు ఒకే రకం సలహాను నాలుగుసార్లు రికార్డు చేయడం కంటే, ఒకచోట మంచి నిపుణుడితో బాగా చేసి అందరికీ ఇవ్వడం మేలు. నాసిరకం స్థానికం కంటే నాణ్యమైన రిలే నయం అన్నది వాళ్ల మాట.

వ్యతిరేకించేవాళ్లు 2021లో మిర్చిని ఊడ్చేసిన కొత్త రకం తామర పురుగును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉమ్మడి వరంగల్ జిల్లా తోటల్లో పూత లోపల చేరి కాయ కట్టనివ్వలేదది. రాష్ట్రమంతటికీ చెప్పే కార్యక్రమంలో మిర్చికి దొరికేది వారంలో ఒక భాగం, అదీ సాధారణ సూచన. వరంగల్ కేంద్రమైతే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తను అదే సాయంత్రం ఫోన్ లైన్లో కూర్చోబెట్టగలదు, ఎనుమాముల మార్కెట్ ధర చెప్పగలదు, "నా తోటల గిట్లయితుంది" అన్న రైతుకు అదే మాటలో జవాబివ్వగలదు. 2004లో మొదలైన కిసాన్ వాణి అనే రైతుల కార్యక్రమాన్ని దేశంలోని 96 ఎఫ్ఎం కేంద్రాల నుంచి ప్రసారం చేసిందీ ఈ తర్కంతోనే. వాన, వరద, కరెంటు కోత వంటి గడియల్లో ఎక్కడో ఉన్న స్టూడియోకు ఇక్కడి వీధి పేరు తెలియదు.

భాష సంగతి దీనికి మించినది. దశాబ్దాలపాటు 'రేడియో తెలుగు' అంటే ఒక ప్రాంతపు తెలుగే. ఒగ్గు కథ, బతుకమ్మ పాట, గోండి మాట మైకు దాకా రావడానికి జిల్లా కేంద్రాలు తలుపు తీశాయి. ఆ తలుపు సాయంత్రం గంటసేపు తెరిచి ఉంటే చాలా, రోజంతా తెరిచి ఉండాలా అన్న దగ్గర నిజాయితీగా భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. పూర్తిగా మూసుకోవడం మాత్రం పొదుపు లెక్కలతో సమర్థించుకోగలిగింది కాదు.

ప్రైవేటు ఎఫ్ఎం, కమ్యూనిటీ రేడియో ఆ ఖాళీ పూడ్చగలవా?

2005లో వచ్చిన రెండో విడత విధానంతో ప్రైవేటు ఎఫ్ఎం మహానగరాలు దాటి చిన్న నగరాలకూ చేరింది. 2024 ఆగస్టులో 234 కొత్త పట్టణాల్లో 730 ఛానళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మొత్తం రిజర్వు ధర 784.87 కోట్లు, ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం ఫీజు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, రామగుండం, మంచిర్యాల ఆ జాబితాలో ఉన్నాయి.

ప్రైవేటు స్టేషన్లకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల సమాచారం, స్థానిక కార్యక్రమాల వివరాలు చెప్పొచ్చు. ప్రకటనలే ఆదాయం కాబట్టి హన్మకొండ చౌరస్తా శ్రోత వాళ్లకు విలువైనవాడు, ఏటూరునాగారం శ్రోత లెక్కలోకి రాడు.

కమ్యూనిటీ రేడియో దీనికి పూర్తి భిన్నం. విద్యాసంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాల వంటివి నడుపుతాయి. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లకు పరిమితం, యాంటెన్నా ఎత్తు నేల నుంచి 30 మీటర్లు మించకూడదు. కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారవ్వాలి. 2008 అక్టోబర్ 15న నాటి మెదక్ జిల్లాలో మొదలైన సంఘం రేడియోలో దళిత మహిళలే రికార్డింగు నుంచి ప్రసారం దాకా నడిపి, ఇది సాధ్యమేనని చూపించారు. అయితే అది కొన్ని పదుల ఊళ్లకు అందేది. పై సూత్రంలో 30 మీటర్లు వేస్తే 28 కిలోమీటర్లు దాటదు, 100 వాట్లకు అదీ ఎక్కువే. ఒక జిల్లా మొత్తాన్ని కలిపే పని దానితో కాదు.

సెట్టు నుంచి ఫోనుకు

ఫోనులో ఎఫ్ఎం వినాలంటే చెవి తీగ గుచ్చమని అడగడం వెనక కారణం ఉంది. ఆ తీగే యాంటెన్నా. 103.5కు పావు తరంగం పొడవు సుమారు 72 సెంటీమీటర్లు, చెవి తీగ దానికి దగ్గరగా ఉంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వచ్చి తీగ పోయింది, చాలా కొత్త ఫోన్లలో ఎఫ్ఎం కూడా పోయింది. 2023లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్లలో ఎఫ్ఎం సదుపాయం ఉంచమని తయారీదారులకు సూచించింది. యాప్‌లో వినడం దీనికి సరైన బదులు కాదు. డేటా కావాలి, సెల్ టవర్ పనిచేయాలి. గాలివానలో మొదట పోయేవి ఆ రెండే. రెండు సెల్లులతో నడిచే సెట్టుకు అవేమీ అక్కర్లేదు.

అల్మరాల్లో మిగిలిన చరిత్ర

ఏ జిల్లా కేంద్రం చరిత్ర రాయాలన్నా ఎదురయ్యే కష్టం టేపులది. కొత్త టేపు ఖరీదు, అందుకే ప్రసారమైన రికార్డింగును చెరిపి మళ్లీ వాడేవాళ్లు. పెద్ద సాహితీవేత్తల ప్రసంగం దాచిపెట్టడానికి మనసొప్పేది. ఊరి రైతు ముఖాముఖి, జానపద కళాకారుడి పాట చెరిగిపోవడానికే ఎక్కువ అవకాశం. స్థానికమైనదే ముందు పోయింది.

మిగిలిన రీళ్లకూ ఆయుష్షు తక్కువ. తేమ పీల్చిన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంత పూతను పట్టి ఉంచే జిగురు కరిగి, ప్లే చేయగానే టేపును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, కీచుమంటుంది. అలాంటి రీలును సుమారు 50, 55 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, కొద్ది రోజుల్లోపే డిజిటల్‌లోకి ఎక్కించాలి. ఆ తర్వాత మళ్లీ తేమ పడుతుంది. అంతకంటే పాత అసిటేట్ టేపులు వెనిగర్ వాసన కొడుతూ వంకర్లు పోతాయి, ఆరబెడితే ఇంకా చెడతాయి. డబ్బా మీద పేరు, తేదీ, ఊరు రాసిన చీటీ లేకపోతే, ఎక్కించినా ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగేది అప్పట్లో అక్కడ డ్యూటీ చేసినవాళ్లే. ఆ తరం అనౌన్సర్లు ఇప్పుడు విశ్రాంత జీవితంలో ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి ఒక్కో రీలూ వినిపించి పేర్లు రాయించుకునే పని ఏ యంత్రమూ చేయలేదు, ఎక్కువ కాలం వాయిదా వేయడానికీ లేదు.